మొదటిసారి మైకులో, ఆ తర్వాత చెవిలో

(ఒక జిల్లా కేంద్రంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విశ్రాంత ఆరోగ్య సూపర్‌వైజర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనక బెంచీల వాళ్లకి? సరే.

కరపత్రంలో నా విషయం 'మహిళా ఆరోగ్యం - అవగాహన' అని వేశారు. నేను ఫోన్లో చెప్పింది 'ముట్టు గురించి మాట్లాడతాను' అని. మన కార్యదర్శిగారు పెద్దమనిషి, ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. (నవ్వులు) చూశారా, పెద్దమనిషి అన్నా నవ్వొస్తోంది మీకు. మగాడు పెద్దమనిషైతే పంచాయితీ చెప్తాడు. ఆడపిల్ల పెద్దమనిషైతే మూల కూర్చుంటుంది. మాట మాత్రం ఒకటే.

నేను ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేశాను. మొదట ఏఎన్ఎంని, తర్వాత సూపర్‌వైజర్ని. నా పనిలో మొదటి ప్రశ్నే ఇది. గర్భిణి పేరు రిజిస్టరులో ఎక్కించాలంటే ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చిందో కావాలి. ఎల్ఎంపీ అంటాం. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ. కొత్తలో ఒక ఊళ్లో పంతొమ్మిదేళ్ల పిల్లని అడిగాను, ఎప్పుడమ్మా అని. తల వంచుకుంది. వంటింట్లోంచి అత్తగారు చెప్పింది, "ఏకాదశికి బయట చేరిందమ్మా, ఆ మూడ్రోజులూ పెరుగు నేనే తోడేశాగా" అని. అరుగు మీద నుంచి మొగుడు, "ఏకాదశి కాదు, నేను గుంటూరు మిర్చి యార్డుకి పోయిన రోజు" అన్నాడు. వాళ్లిద్దరూ తేదీ మీద కాసేపు వాదించుకున్నారు కూడా. ఆ పిల్ల తేదీ ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ పిల్ల నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. నేను రిజిస్టరు మూసి బయటికొచ్చాక సందు చివరిదాకా నా వెనకే వచ్చి, "అక్కా, దానికి ముందు నెలలో పదిహేను రోజులు ఆగలేదు, అదేమన్నా ఇబ్బందా" అని అడిగింది. అడగాల్సిన మాట అది. దాన్ని ఇంట్లో అడగలేకపోయింది.

ఈ ముప్పై మూడేళ్లలో నాకు అర్థమైంది ఆ రోజు ఆ ఇంట్లో చూసిందే. పక్కవాళ్లకి అవసరమైనప్పుడు దీన్ని ఊరంతా వినేట్టు చెప్తాం. మనిషికి నొప్పి పుట్టినప్పుడు మాత్రం గుసగుస.

మన మాటలు చూడండి. బయటుంది. బయట చేరింది. దూరంగా ఉంది. ఇంట్లో లేదు. మూల కూర్చుంది. అన్నీ మనిషి ఎక్కడుందో చెప్పే మాటలే. చిరునామాలు. ఆమెకి ఏమవుతోందో ఒక్కటీ చెప్పదు. చిన్నపిల్లలకైతే 'అమ్మని కాకి ముట్టుకుంది' అని చెప్పేవాళ్లు. నేను రెండో తరగతిలో ఉండగా మా పెరట్లో కాకి కనపడితే రాయి తీసుకుని తరిమేదాన్ని, మా అమ్మని మళ్లీ ముట్టుకోకుండా. మూడు రోజులు అమ్మ దగ్గర పడుకోనివ్వరు కదా, ఆ కోపం కాకి మీద. అసలు 'ముట్టు' అంటే తాకడం. తాకకూడదన్న దానికి తాకడమనే పేరు పెట్టుకున్నాం, మనం మామూలు వాళ్లం కాదు.

అలాగని నెత్తురు గురించి చెప్పడానికి తెలుగులో మాట లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఎర్రబట్ట అంటారు, తెల్లబట్ట అంటారు. గడ్డలు గడ్డలుగా పడుతోందంటారు. కట్టిన బట్ట ఆగట్లేదంటారు. నిలబడితే కాలు వెంట కారుతోందంటారు. ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి! ఏ డాక్టరుకైనా సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది. కానీ ఆ మాటలు బావి దగ్గర, పొలం గట్టు మీద ఆగిపోతాయి. ఆస్పత్రి గది దాకా వచ్చేసరికి అవి పోయి, "కొంచెం ప్రాబ్లెమ్‌గా ఉంది మేడం" మిగులుతుంది. పత్రికలవాళ్లు 'నెలసరి' అని శుభ్రమైన మాట వాడుతున్నారు. మంచిదే. అదీ చాలా ఇళ్లలో చదివే మాటే గానీ పలికే మాట కాదు.

ఇక మొదటిసారి వచ్చినప్పుడు మనం చేసే హడావుడి మీ అందరికీ తెలుసు. తాటాకు చాప, పక్కన రోకలి, పసుపు, చిమ్మిలి ఉండలు. ఆ చిమ్మిలి మాత్రం నాకిష్టం, నువ్వులూ బెల్లమూ, దాన్నేమీ అననండి. మేనమామ చీర. కొన్ని వైపుల మేనమామే పచ్చి ఆకులతో గుడిసె కట్టాలి. ఇప్పుడు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ. పిల్ల వయసు పదకొండో పన్నెండో. ఫ్లెక్సీలో పిల్ల నిలువెత్తు ఫోటో, చుట్టూ బాబాయిలూ మామయ్యలూ స్థానిక నాయకులూ. పైన డ్రోను కెమెరా. ఓణీల ఫంక్షన్ అంటున్నాం, హాఫ్ శారీ అంటున్నాం. అమెరికాలో మనవాళ్లు హాలు బుక్ చేసి మరీ చేస్తున్నారు. ఇంత పబ్లిక్‌గా చెప్పేది ఏమిటి? ఫలానా వాళ్ల పిల్లకి నెత్తురొచ్చింది అనే కదా. అది చెప్పడానికి సిగ్గు లేదు. ఎందుకంటే ఆ కబురు పిల్ల కోసం కాదు, చదివింపుల కోసం, ఒకప్పుడైతే సంబంధాల కోసం.

పంచాంగాలు తిరగేయండి, ఈ గ్రంథాలయంలోనే ఉంటాయి. రజస్వల ఫలాలని పట్టికలుంటాయి. ఏ తిథికైతే ఏమిటి, ఏ వారానికి ఏమిటి, ఏ నక్షత్రానికి ఏమిటి, అప్పుడు కట్టుకున్న బట్ట ఏ రంగు. ఇదంతా అచ్చులో ఉంది, సంవత్సరానికోసారి కొత్తగా అచ్చవుతుంది. నక్షత్రం బాగుండకపోతే శాంతి. మా మేనత్త కూతురికి అమావాస్య నాడైతే, ఇంట్లోవాళ్లు రెండు రోజులు నోరు కట్టుకుని విదియ నాడు చెప్పారు. ఆ రెండు రోజులూ ఆ పిల్ల బడికి పోయింది, మామూలుగా ఆడుకుంది. ఆమె జీవితంలో ఆఖరుసారి ఆ స్థితిలో గుళ్లోకి కూడా పోయింది. ఏమీ కాలేదు. (నవ్వులు)

ఫంక్షన్ అయిపోయాక మైకు కట్టేస్తారు. ముప్పై అయిదేళ్లు, నలభై ఏళ్లు, నెలనెలా వస్తుంది. ఇంక దాని ఊసే ఉండదు.

ఇక్కడ పెద్దవాళ్లు ఒక మాట అంటారు, "ఆ మూడు రోజులన్నా ఆడదానికి విశ్రాంతి ఉండేదమ్మా" అని. నేను దాన్ని కొట్టిపారేయను. మా అమ్మ కూడా అనేది. పదకొండు మంది ఉన్న ఇంట్లో ఆవిడ పుస్తకం చదువుకుంది ఆ మూడు రోజుల్లోనే. కానీ ఆ మూడు రోజులు వండిపెట్టేందుకు ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉండాలి కదా. ఆ మైలబట్టలు ఎవరు ఉతికారు? చాకలామె వచ్చి, దొడ్డి గుమ్మం దగ్గర కర్రతో ఎత్తి మూటకట్టుకుని పోయేది. ఆవిడకి నెలసరి వస్తే ఎవరు ఉతికారు? మా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. నాట్లకి పోయే ఆడవాళ్లకి మూల ఎక్కడుంది? బురదలో మోకాళ్ల దాకా దిగి నిలబడితే ఆ నీళ్లకే తెలుస్తుంది. కూలి పోతే పొయ్యి వెలగదు. విశ్రాంతి కొందరికే, అంటు మాత్రం అందరికీ.

ఆ మూల ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. 2018 నవంబరులో గజ తుఫాను వచ్చినప్పుడు తంజావూరు జిల్లాలో ఒక పల్లెలో, అప్పుడే పెద్దమనిషైన పిల్లని ఇంటి పక్కన పాకలో పడుకోబెట్టారు. కొబ్బరిచెట్టు పాక మీద పడింది. పిల్ల చనిపోయింది. గాలి వస్తుందని అందరికీ తెలుసు. నేపాల్లో ఛౌపడి అంటారు, ఊరి బయట కొట్టంలో పెట్టడం. చలికి మంట వేసుకుని పొగకి ఊపిరాడక, పాము కరిచి, ఎందరో పోయారు. 2017లో అక్కడ దాన్ని నేరం చేశారు, మూడు నెలల జైలు, లేదంటే మూడు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 జనవరిలో మళ్లీ ఒక తల్లీ ఇద్దరు కొడుకులూ అలాగే చనిపోయారు.

ఇదంతా ఎక్కడ మొదలైంది అని మీరడగొచ్చు. భాగవతం ఆరో స్కంధంలో ఒక కథ ఉంది. మన తెలుగులో ఆ స్కంధం రాసింది పోతన కాదు, ఏర్చూరి సింగన. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపితే బ్రహ్మహత్య చుట్టుకుంది. దాన్ని నలుగురికి పంచాడు. భూమికి, నీళ్లకి, చెట్లకి, స్త్రీలకి. భూమిలో అది చవుడైంది, నీళ్లలో నురుగైంది, చెట్లకి బంకైంది, ఆడవాళ్లకి ఇదైంది. చంపింది ఆయన, వాటా మనకి! అదలా ఉంచండి. చవుడు పట్టిందని భూమిని ఎవరూ దూరం పెట్టలేదు, గట్టు జరిపి మరీ ఆక్రమించుకున్నారు. నురుగుందని నది స్నానం మానలేదు. ఈ గ్రంథాలయంలో నేను చిన్నప్పుడు చదివిన పుస్తకాలన్నీ తుమ్మబంకతో అతికించినవే. నలుగురిలో మూల కూర్చున్నది ఒక్కరే. వినాయక చవితి మర్నాడు ఋషి పంచమి వ్రతం కూడా ఆమెకే, తెలియక ముట్టుకున్న దోషం పోవడానికి. ఒడిశాలో రజొ పండగని జూన్ నడుమ మూడు రోజులు చేసుకుంటారు. భూమాతకి నెలసరి అని నాగలి పెట్టరు, ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. గువాహటి దగ్గర కామాఖ్యలో అమ్మవారికి నెలసరి అని గుడి మూసి, తెరిచాక లక్షలమంది ప్రసాదం తీసుకుంటారు. దేవతకైతే ఉత్సవం. ఆ క్యూలో నిలబడిన మామూలు ఆడమనిషికి ఆ రోజే వస్తే? ఆమె ఇంటికే.

ఇప్పుడు కార్తీకం, మాలల రోజులు. అన్ని వయసుల ఆడవాళ్లనీ గుళ్లోకి రానివ్వాలన్న శబరిమల తీర్పు 2018 సెప్టెంబరులో వచ్చింది, నలుగురు ఒకవైపు, ఒకరు అటువైపు. ఆ ఒక్కరు మహిళా న్యాయమూర్తి. మరుసటేడాది పెద్ద ధర్మాసనానికి వెళ్లింది. దాని మీద టీవీల్లో నెలల తరబడి అరుచుకున్నారు. నాకు గుడికంటే ఇల్లు కనపడుతుంది. రెండు గదుల అద్దె ఇల్లు, మొగుడు మాల వేసుకున్నాడు, నలభై ఒక్క రోజులు. ఆమెకి ఆ మధ్యలో కనీసం ఒకసారి వస్తుంది. ఎక్కడికి పోతుంది? పుట్టిల్లు దగ్గరైతే పుట్టింటికి. లేకపోతే పక్కింటి వాళ్ల వరండాలోకి. నా పరిధిలో ఒకామె మూడు రాత్రులు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన పడుకుంది, డిసెంబరు మంచులో. అతను చెడ్డవాడేం కాదు, దుప్పటి పైకి తీసుకెళ్లి దూరంగా పెట్టి వచ్చేవాడు. దుప్పటి ఇవ్వాలని తోచింది. ట్యాంకు పక్కన తనే పడుకోవచ్చని తోచలేదు.

అందుకే నెలసరిని వెనక్కి జరిపే మాత్రలొచ్చాయి. నోరెథిస్టెరాన్. పేరు మీకు తెలియకపోవచ్చు, బిళ్ల తెలుసు. శ్రావణమాసం మొదలయ్యే ముందు, సంక్రాంతి ముందు, పెళ్లి ముహూర్తాల ముందు ఏదైనా మందుల షాపు పక్కన ఓ గంట నిలబడండి. ఆమె వస్తుంది. పక్కన మగవాళ్లుంటే వాళ్లు పోయేదాకా దగ్గు మందు సీసాల వంక చూస్తుంది. తర్వాత చిన్నగా, "డేట్ వెనక్కి పోవడానికి" అంటుంది. కుర్రాడు తలెత్తడు, "ఎన్ని రోజులకి?" అంటాడు. కాయితంలో చుట్టి ఇస్తాడు. ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, కాలేయం జబ్బుందా, ఇవేవీ అడగడు. ఏడాదికోసారి, డాక్టరు రాసిస్తే వాడుకోవడం వేరు. నేను చూసినామె ఒక్క ఏడాదిలో అయిదుసార్లు మింగింది. రెండు వ్రతాలు, ఒక తిరుపతి, ఆడపడుచు కూతురి పెళ్లి, గృహప్రవేశం. ఒక్కటీ ఆమె సొంత పని కాదు. ఆపడానికి అరనిమిషం పట్టింది ఆమెకి. ఎక్కువ అవుతోందని ఎవరికైనా చెప్పడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

టీవీ గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. ప్యాడ్ ప్రకటనల్లో నీలం నీళ్లు పోస్తారు కదా. మా ఇంట్లో మగపిల్లాడు చాలాకాలం అది సిరా పీల్చేదనుకున్నాడు. అమెరికాలోనే టీవీ ప్రకటనలో 'పీరియడ్' అన్న మాట పలికింది 1985లో. బ్రిటన్లో ఒక కంపెనీ ఎర్రరంగు చూపించింది 2017లో. మన దేశంలో 2020లో ఒక ప్రకటనలో ఎరుపు చూపిస్తే చూడలేకపోతున్నామని ఫిర్యాదులు పెట్టారు. సినిమాల్లో తలలు తెగి ఎగిరిపడుతుంటే పాప్‌కార్న్ తింటాం. మన సినిమాల్లోనూ ఇది ఒక్క రూపంలోనే వస్తుంది. మరదలు పెద్దమనిషవుతుంది, పాట వస్తుంది, బావ తొంగిచూస్తాడు. రెండో నెలకి పాట లేదు.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ల మీద 12 శాతం పన్ను వేశారు. గాజులకీ కుంకుమకీ లేదు. గోల చేస్తే ఏడాదికి తీసేశారు. 2021లో మన ఆంధ్రప్రదేశ్‌లో 'స్వేచ్ఛ' పథకం పెట్టి ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చారు. మంచి పని, నేను స్వయంగా పంచాను. ఒక బళ్లో పంచే ముందు మగపిల్లల్ని గ్రౌండులోకి తోలారు, కిటికీలు మూశారు, పిల్లలు వాటిని సంచి అడుగున పుస్తకాల కింద పెట్టుకున్నారు. ప్యాడ్ చేరింది. బాత్రూములో బకెట్ లేదు, తలుపుకి గడియ లేదు, వాడింది ఎక్కడ వెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

సెలవు సంగతి. బీహార్లో ప్రభుత్వ ఉద్యోగినులకి 1992 నుంచే నెలకి రెండు రోజులు సెలవుంది. కర్ణాటక 2025లో ఏడాదికి పన్నెండు రోజులు ఒప్పుకుంది, ప్రైవేటు వాళ్లకి కూడా. ఇస్తే ఆడవాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకోరని ఒక వాదన. అదీ నిజమయ్యే ప్రమాదముంది. నా అభిప్రాయం అడిగితే, ఇవ్వాలి. కానీ మన జిల్లాలో పొగాకు గ్రేడింగుకి పోయే ఆడవాళ్లకి ఏ సెలవు వర్తిస్తుంది? పొద్దుటినుంచి కింద కూర్చుని ఆకు వేరుచేస్తారు, లేచి పోదామంటే మరుగు లేదు.

సెలవు లేనిచోట ఏం జరుగుతుందో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చూశాం. చెరుకు నరికే పనికి జంటలుగా పోతారు, ఒక రోజు మానితే మేస్త్రీ కోత పెడతాడు. 2019లో ప్రభుత్వ కమిటీ అక్కడ 82 వేల మంది ఆడవాళ్లని అడిగితే 13 వేలమందికి పైగా గర్భసంచి లేదు. అయ్యో అనుకున్నాం, పేపరు మడిచి పెట్టాం. మన లెక్క చెప్పనా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. దేశంలో మొదటి స్థానం. తెలంగాణ మన వెనకే, ఎనిమిదికి దగ్గర. దేశం మొత్తంలో సగానికి పైగా చెప్పిన కారణం ఎక్కువ నెత్తురు, నొప్పి. మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే.

ఇదెలా జరుగుతుందో నాకు తెలుసు, కళ్లారా చూశాను. ముప్పై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ అయిపోయింది. నెలకి పది రోజులు పోతోంది. ఎవరికీ చెప్పదు. రక్తం తగ్గి ఆయాసం వస్తే బలం టానిక్కు. ఊరి ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతుంది. అప్పుడు పట్నం, స్కానింగు, "గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ కావచ్చు" అనే ఒక మాట. ఆ మాటతో సంచి పోతుంది, చాలాసార్లు అండాశయాలూ పోతాయి. మందులతో తగ్గేవి ఎన్నో ఉన్నాయి, లోపల వేసే హార్మోన్ లూప్ ఉంది, ఎవరూ చెప్పరు. ముప్పై ఐదుకే ఒళ్లు ఆవిర్లు, ఎముకల నొప్పులు. కానీ ఒకామె నాతో నవ్వుతూ ఏమందో తెలుసా? "పీడా పోయిందక్కా, ఇంక ఏ పండక్కీ లెక్క చూసుకోనక్కర్లా." ఆమె వైపు నుంచి అది నిజం. ఆ సంచి వల్ల ఆమెకి ఒరిగిందేముంది, ఇద్దరు పిల్లలు, మిగతాదంతా మూల కూర్చోవడం.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. చీటీలు రెండొచ్చాయి, అవి చదివి దిగిపోతాను.

మొదటిది, "నాకు ఇరవై రోజులకే వస్తోంది, డాక్టరుకి ఏమని చెప్పాలి?" పేరు రాయలేదు, మంచిది తల్లీ. మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజుకి లెక్క. ఇరవై ఒకటి నుంచి ముప్పై అయిదు మధ్య ఉంటే మామూలు, ఏడు రోజుల్లోపు ఆగాలి. మూడు నెలలు క్యాలెండరు మీద గుర్తు పెట్టు, గోడ క్యాలెండరు మీదే పెట్టు, పాల లెక్క రాసే చోట. రోజుకి ఎన్ని ప్యాడ్లు, గంటకో రెండు గంటలకో నిండుతోందా, గడ్డలున్నాయా, రాసుకో. 'ప్రాబ్లెమ్' అనకు. ఎర్రబట్ట అను, గడ్డలు అను. ఆ కాయితం బల్ల మీద పెట్టు.

రెండోది... ఇది మగపిల్లాడి చేతిరాతలా ఉంది. "మా అమ్మకి గర్భసంచి ఆపరేషన్ చేయించాలంటున్నారు, వచ్చే బుధవారం. మేము ఏమి అడగాలి?" బాబూ, రాసుకో. స్కానింగులో ఏముందో చెప్పమనండి. లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారా? ముందు మందులు వాడి చూశారా, ఎన్ని నెలలు? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు? ఇంకో డాక్టరుకి చూపిస్తామంటే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. ఒక్కోసారి నిజంగానే తీయాల్సి వస్తుంది, అది కూడా తెలుసుకో. వీటన్నిటికంటే ముందు ఇవాళ ఇంటికెళ్లి మీ అమ్మనడుగు, ఎన్ని రోజులు పోతోందమ్మా అని. ఆవిడ "నీకెందుకురా" అంటుంది. అప్పుడు లేచి వెళ్లిపోకు.

టీ అయ్యాక ఆ రిపోర్టులు ఫోన్లో ఉంటే నా దగ్గరికి తీసుకురా. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చుంటాను.